కోప్టిక్ పాపిరస్ వ్రాతప్రతులు: ఫొటోలు, క్యాటలాగు

తొలి క్రైస్తవ శతాబ్దాల్లో ఈజిప్టు జనం మాట్లాడిన భాష కోప్టిక్. ఫారోల నాటి ఈజిప్టు భాషకు ఇది చివరి రూపం. దీన్ని రాయడానికి గ్రీకు అక్షరాలు తీసుకున్నారు. గ్రీకులో లేని ధ్వనుల కోసం పాత డెమోటిక్ లిపి నుంచి మరో ఆరేడు అక్షరాలు కలుపుకున్నారు. ఈ భాషలో పాపిరస్ మీద సిరాతో రాసిన పుస్తకాలు, ఉత్తరాలు, ఒప్పంద పత్రాలు, పద్దులు ఈజిప్టు ఇసుకలోంచి వేల సంఖ్యలో బయటపడ్డాయి. సాధారణంగా అవి పుస్తకాలుగా చేతికి రావు. అట్ట ఒక దేశంలో, ఆకులు మరో దేశంలో, రాలిన ముక్కలు ఇంకెవరి సిగరెట్ పెట్టెలోనో ఉంటాయి. ఫొటో తీయడం, క్యాటలాగులోకి ఎక్కించడం అన్న రెండు పనులతోనే అవి మళ్లీ పుస్తకాలవుతాయి. ఈ రెండింటినీ వేర్వేరు పనులుగా చెప్పడం అలవాటైంది గాని నిజానికి ఒకటి లేకుండా రెండోది నిలబడదు.

పాపిరస్ అంటే ఏమిటి

పాపిరస్ మొక్క మన పొలాల్లో కలుపుగా పెరిగే తుంగకు దగ్గరి బంధువు. వృక్షశాస్త్రంలో రెండింటిదీ ఒకటే ప్రజాతి. మనిషి కంటే ఎత్తు పెరిగే ఈ మొక్క కాండంలోని బెండును పలచని పట్టీలుగా కోసేవారు. ఒక వరస పట్టీలను నిలువుగా పరిచి, వాటి మీద మరో వరస అడ్డంగా పేర్చి, నొక్కి ఆరబెట్టేవారు. అందువల్ల ప్రతి ఠావుకూ ఒక వైపు పీచు అడ్డంగానూ, రెండో వైపు నిలువుగానూ ఉంటుంది. ఠావులను అంచులు అతికించి పొడవైన చుట్టగా చేసేవారు. పుస్తకం కావాలంటే ఆ చుట్టను మళ్లీ ముక్కలుగా కోసి, దొంతరగా పేర్చి, మధ్యకు మడిచి కుట్టేవారు. బడిపిల్లల పిన్నుల నోటుపుస్తకం విప్పి చూస్తే మొదటి కాగితమూ చివరి కాగితమూ ఒకే ఠావు. ఒకే బొత్తిగా కట్టిన పాపిరస్ పుస్తకమూ అంతే. ఈ చిన్న సంగతి తర్వాత చాలా పని చేస్తుంది.

తాటాకు ప్రతులు చూసి పెరిగిన మనకు పాపిరస్ ఎంత సుకుమారమో ఒక్క పోలికతో అర్థమవుతుంది. తాటాకు మీద గంటం గాడి చేస్తుంది, ఆ గాడిలోకి మసి పూస్తాం. మసి పోయినా గాడి మిగులుతుంది, మళ్లీ పూస్తే అక్షరం లేచి వస్తుంది. పాపిరస్ మీద గాడి ఉండదు. సిరా పీచు పైన పూతలా కూర్చుంటుంది. పై పీచు ఒక్కటి లేచిపోతే దాని మీది అక్షరమూ పోతుంది, అక్కడ ఏముండేదో చెప్పే గుర్తేదీ మిగలదు. అందుకే నిరుడు తీసిన ఫొటోలో ఉన్న అక్షరం ఈ ఏడు ఆకు మీద ఉండకపోవచ్చు. కోప్టిక్ చదివేవాళ్లు ఎంత పాత ఫొటో దొరికితే అంత సంబరపడటానికి కారణం ఇదే.

నాగ్ హమ్మాది

ఈ రంగానికి పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ నాగ్ హమ్మాది ప్రతులు. దక్షిణ ఈజిప్టులో నాగ్ హమ్మాది పట్టణానికి దగ్గర, జబల్ అల్-తారిఫ్ కొండ కింద 1945 డిసెంబరులో రైతులు ఎరువు మట్టి తవ్వుకుంటుండగా ఒక జాడీ దొరికిందనీ, అందులో తోలు అట్టల పుస్తకాలున్నాయనీ చెబుతారు. కొన్ని ఆకులు ఇంట్లో పొయ్యిలోకి పోయాయనీ అంటారు. ఈ కథను ముప్పై ఏళ్ల తర్వాత ఊరి మనుషుల నోట విని నమోదు చేసినవాడు అమెరికన్ పండితుడు జేమ్స్ రాబిన్సన్. అందులోని వివరాలు ఒక్కోసారి ఒక్కోలా ఉన్నాయని ఇటీవలి పరిశోధకులు ప్రశ్నించారు. క్యాటలాగులో 'దొరికిన చోటు' అన్న గడి నింపేటప్పుడు ఈ జాగ్రత్త తప్పదు. విన్నదాన్ని విన్నట్టుగా, చూసినదాన్ని చూసినట్టుగా వేరుచేసి రాయాలి.

మొత్తం పన్నెండు పుస్తకాలు, వాటికి తోడు పదమూడో పుస్తకంలోంచి చించిన 8 ఆకులు. ఆ ఎనిమిది ఆకులను ప్రాచీన కాలంలోనే ఎవరో ఆరో పుస్తకం అట్ట లోపల దాచారు. అన్నిటిలో కలిపి 52 రచనలు, వెయ్యికి మించిన పేజీలు. ఒక పుస్తకాన్ని కైరోలోని కోప్టిక్ మ్యూజియం 1946లో కొన్నది. ఇంకొకటి దేశం దాటి, 1952లో జ్యూరిక్‌లోని యుంగ్ సంస్థ కోసం కొనుగోలై, చాలాకాలం 'యుంగ్ ప్రతి' అన్న పేరుతో చలామణి అయి, 1970లలో కైరోకు తిరిగొచ్చింది. మిగిలినవి వ్యాపారుల చేతుల్లోంచి ప్రభుత్వం చేతికి వచ్చి పెట్టెల్లో ఏళ్ల తరబడి ఉండిపోయాయి.

మ్యూజియం డైరెక్టర్ పహోర్ లబీబ్ 1956లో 158 ఫొటోలతో ఒక సంపుటం అచ్చువేశాడు. అప్పటికి ఆకులు వరసలో లేవు, ముక్కలు కుదర్చలేదు. అయినా ఆ పుస్తకం చేసిన మేలు చిన్నది కాదు. థామస్ సువార్త అనే 114 యేసు వాక్యాల సంకలనాన్ని ప్రపంచం చదవగలిగింది ఆ ఫొటోల్లోంచే. ఆ తర్వాత యునెస్కో చొరవతో 1960లలో కైరోలో విస్తృతంగా ఫొటోలు తీశారు. ఇక్కడే రాబిన్సన్ పట్టుదల పనికొచ్చింది. కొద్దిమంది పండితులు ప్రతులను తమ సొంత పొలంలా కాపలా కాసుకుంటూ, ఎప్పుడో అచ్చువేస్తామంటూ కాలం గడుపుతున్నారని అతని బాధ. ఫొటోలు అందరి చేతికీ వస్తేనే ఆ గుత్తాధిపత్యం పోతుందని నమ్మాడు. 1970లో ఈజిప్టు ప్రభుత్వం, యునెస్కో కలిసి వేసిన అంతర్జాతీయ సంఘానికి అతనే కార్యదర్శి. ఆ సంఘం తరఫున లైడెన్ నగరపు బ్రిల్ ప్రచురణ సంస్థ 1972 నుంచి 1984 వరకు పన్నెండు సంపుటాల ఫొటో ముద్రణ తెచ్చింది. ప్రతి పేజీ అసలు కొలతలోనే, ఎదురుగా పెట్టుకొని చదువుకునేలా ఉంటుంది. ఇదే పట్టుదలతో రాబిన్సన్ తర్వాత 1991లో రాబర్ట్ ఐసెన్‌మన్‌తో కలిసి మృత సముద్రపు చుట్టల ఫొటోలనూ బయటికి తెచ్చాడు. పండితుల లోకంలో ఇంత ధైర్యం చేసినవాళ్లు తక్కువ. ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

ఆ ఫొటోలు తీయడానికి ముందు జరిగిన పనిని కాస్త దగ్గరగా చూడాలి. మ్యూజియంలో ఒక బల్ల, దాని మీద ప్లెక్సిగ్లాస్ పలకల మధ్య పెద్ద ఆకులు, పక్కనే గోరంత ముక్కలు వందల కొద్దీ. ఒక ముక్క మీద రెండు అక్షరాలే ఉంటే అది ఎక్కడిదో భాషను బట్టి చెప్పలేం. పీచును బట్టి చెప్పవచ్చు. ప్రతి పట్టీలోనూ నల్లటి చార, పలచటి చార, ముడి లాంటి మచ్చ ఏదో ఒకటి ఉంటుంది. అవి ఠావు పొడవునా సాగుతాయి. ముక్కను వెలుగుకు పెట్టి పట్టీ చారలు లెక్కపెట్టి, ఆకు అంచున తెగిన చారలతో పోలుస్తారు. మడతకు అవతలి జంట ఆకు అదే ఠావులో రెండో సగం కనుక, ఎడమ ఆకు మీది అడ్డచార మడత దాటి కుడి ఆకు మీద కొనసాగాలి. పురుగు తొలిచిన కన్నాలు కూడా సాయపడతాయి. పురుగు ఒకే దారిలో ఆకు తర్వాత ఆకు తొలుచుకుంటూ పోతుంది గనుక కన్నం ఆకారం పక్క ఆకులో కొద్దిగా మారి మళ్లీ కనిపిస్తుంది. ఎదురు పేజీ మీద అద్దుకుపోయిన సిరా మరకను అద్దంలో చదివినట్టు తిప్పి చదివితే పోయిన పేజీ అంచు తెలుస్తుంది. స్టీఫెన్ ఎమ్మెల్ అనే అప్పటి యువ పరిశోధకుడు కైరోలో మకాం వేసి ఈ పనిలోనే కొన్నేళ్లు గడిపాడు.

ఆ శ్రమకు దక్కిన ఫలాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మూడో పుస్తకం ముక్క కథ. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ గ్రంథాలయంలో 1784 అన్న జాబితా సంఖ్యతో ఒక కోప్టిక్ పాపిరస్ ముక్క ఉంది. అది నాగ్ హమ్మాది మూడో పుస్తకంలోని 'రక్షకుని సంవాదం' అనే రచనలో చిరిగిపోయిన ఆకు భాగమని ఎమ్మెల్ గుర్తించి 1980లో ప్రకటించాడు. ఆకు కైరోలో, దాని ముక్క సముద్రం అవతల. రెండింటినీ ఒకే బల్ల మీదికి ఎవరూ తేలేదు. ఫొటోలు పక్కపక్కన చేరాయి, అంతే. యేల్ జాబితాలో ఆ ముక్కకు ఒక సంఖ్య ఇచ్చి అందుబాటులో ఉంచకపోయి ఉంటే, కైరో ఫొటోలు ఎంత బాగున్నా ఈ కలయిక జరిగేది కాదు. ఎమ్మెల్ 1977లో రాసిన మరో వ్యాసం ఇంకా మనసు కలచేది. పాత ఫొటోల్లో కనిపిస్తూ, ఇప్పుడు ఆకుల మీద లేని అక్షరాలను అందులో పట్టి చూపాడు. ఆ అక్షరాలకు ఇప్పుడు ఫొటోయే మూలప్రతి.

ఫొటో తీసే పద్ధతి

పనితీరు చెప్పడానికి సులువే, చేయడానికి ఓపిక కావాలి. ఆకు గాజు పలకల మధ్య ఉంటుంది. రెండు దీపాలను ఇరువైపులా వాలుగా పెట్టి, కెమెరాను సరిగ్గా నెత్తిన బిగిస్తారు. గాజు మీద మెరుపు రాకుండా పోలరైజింగ్ ఫిల్టర్లు వాడతారు. పక్కన సెంటీమీటర్ల స్కేలు, రంగుల పట్టీ, ప్రతి సంఖ్య రాసిన చీటీ తప్పనిసరి. స్కేలు లేని ఫొటోతో ముక్కలు అతకలేం. రెండు వైపులా తీయాలి, ఖాళీ వైపునూ వదలకూడదు, ఎందుకంటే పీచు సాక్ష్యం అక్కడా ఉంటుంది. దీపాన్ని బాగా కిందికి దించి పక్క నుంచి వెలుగు పంపితే పీచు గట్లు, ముడతలు నీడలతో సహా లేచి కనిపిస్తాయి. పాత గాజు పలకల లోపలి వైపు పాపిరస్‌లోని ఉప్పు తెల్లగా పేరుకొని పొగమంచులా కమ్ముతుంది. ముందు ఆ గాజు మార్చకుండా తీసిన ఫొటో వృథా.

కంటికి కనిపించని వెలుగులూ వాడతారు. తొలి శతాబ్దాల సిరా ప్రధానంగా మసి, జిగురు, నీళ్లు. కాలంతో పాపిరస్ నల్లబడితే నలుపు మీద నలుపు చదవలేం. పరారుణ కిరణాలను మసి పీల్చుకుంటుంది, నల్లబడ్డ పీచు తిప్పికొడుతుంది. ఆ ఫొటోలో గోధుమ చీకటిలోంచి అక్షరాలు కొత్తగా రాసినట్టు లేస్తాయి. ఇనుము కలిసిన సిరా అయితే దీనికి తలకిందులు: పరారుణంలో మాయమైపోతుంది, అతినీలలోహితంలో తేటపడుతుంది. ఏ సిరా ఎలా స్పందించిందో రాసిపెట్టుకుంటే సిరా రకమూ తేలిపోతుంది. అంటే ఫొటో తీసేవాడు తెలియకుండానే క్యాటలాగులో ఒక గడి నింపుతున్నాడు.

మెదీనెత్ మాదీ, ఒక హెచ్చరిక

1929 ప్రాంతంలో ఫయ్యూమ్ మండలంలోని మెదీనెత్ మాదీలో మాని అనే ప్రవక్తను అనుసరించే మతస్థుల కోప్టిక్ పుస్తకాలు దొరికాయి. కొన్నిటిని బెర్లిన్ పండితుడు కార్ల్ ష్మిట్, కొన్నిటిని సంపన్న సేకర్త ఆల్‌ఫ్రెడ్ చెస్టర్ బీటీ కొన్నారు. ఉప్పు నీటిలో నాని ఎండిన పుస్తకాలవి. ఆకులన్నీ ఒకే దిమ్మలా అతుక్కుపోయాయి. పుస్తకాలు బైండు చేసే పనితో జీవితం మొదలుపెట్టిన హ్యూగో ఇబ్‌షర్ ఆ దిమ్మల్లోంచి ఒక్కో ఆకూ ఊడదీసి గాజుల మధ్య పెట్టాడు. అంతకంటే ఓర్పు కావలసిన చేతిపని ఈ రంగంలో లేదనుకుంటాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే గందరగోళంలో బెర్లిన్ వాటాలో కొంత భాగం మాయమైంది. మాని ఉత్తరాల పుస్తకంలో చాలా ఆకులు అలా పోయినవే. అప్పటికి వాటిలో ఎక్కువ భాగం అచ్చు కాలేదు, సరైన ఫొటోలూ లేవు. చెస్టర్ బీటీ వాటా డబ్లిన్‌లో క్షేమంగా ఉంది. డెన్మార్క్ పండితుడు సోరెన్ గివర్సెన్ 1986-88లో నాలుగు సంపుటాల్లో దాని ఫొటోలన్నీ ప్రచురించాడు. ఒకే చోట దొరికిన పుస్తకాలకు రెండు తలరాతలు.

యూదా సువార్త ఉన్న పుస్తకానిదీ ఇలాంటి బాధే. అమెరికాలో బ్యాంకు లాకర్‌లో 16 ఏళ్లు, తర్వాత ఒకరి ఫ్రీజర్‌లో కొంతకాలం గడిపి, పండితుల చేతికి వచ్చేసరికి ఆకులు పొట్టుపొట్టుగా రాలి ఉన్నాయి. పండితుడు రొడోల్ఫ్ కాసెర్, మరమ్మతు నిపుణురాలు ఫ్లోరెన్స్ దార్బ్ర్ ఆ పొట్టును ఫొటోలు తీసి, వాటితో కుదుర్చుకుంటూ పేజీలు నిలబెట్టాక 2006లో పుస్తకం ప్రచురణకు వచ్చింది.

క్యాటలాగు రాయడం

కోప్టిక్ ప్రతులకు తొలి పెద్ద క్యాటలాగు 1810లో వెలువడింది. కార్డినల్ స్తెఫానో బోర్జా సేకరణను వర్ణిస్తూ డెన్మార్క్‌కు చెందిన గెయోర్గ్ త్సోయెగా రాశాడు. అచ్చయ్యేసరికి ఆయన లేడు. బ్రిటిష్ మ్యూజియం ప్రతులకు వాల్టర్ క్రమ్ 1905లో, మాంచెస్టర్‌లోని రైలాండ్స్ ప్రతులకు 1909లో క్యాటలాగులు చేశాడు. ముప్పై ఏళ్ల తర్వాత 1939లో పూర్తయిన ఆయన కోప్టిక్ నిఘంటువు ఆ క్యాటలాగుల పనిలోంచి పెరిగిన చెట్టే. ప్రతి ముక్కనూ చదివినవాడికే మాటల లెక్క తెలుస్తుంది. 1906 తర్వాత బ్రిటిష్ లైబ్రరీకి చేరిన సాహిత్య ప్రతులను బెంట్లీ లేటన్ 1987లో వర్ణించాడు. ఆకు కొలత, వరసల సంఖ్య, కుట్టు రంధ్రాలు, పేజీ అంకెలు, మాండలికం, చేతిరాత తీరు, అట్ట, కొన్న తేదీ, అన్నీ అందులో ఉంటాయి. క్యాటలాగు ఎలా ఉండాలో నేర్చుకోవాలంటే ఆ పుస్తకమే చాలు.

ఒక ఆకు వర్ణనలో పీచు దిశ మొదటి సంగతి. పాపిరస్ పండితులు 'ముందు వైపు, వెనక వైపు' అనకుండా చిన్న బాణం గుర్తు పెడతారు. అడ్డ పీచుకు పక్కకు చూసే బాణం, నిలువు పీచుకు కిందికి చూసే బాణం. తర్వాత మాండలికం: దక్షిణాది సాహిదిక్, ఉత్తరాది బొహైరిక్, ఫయ్యూమిక్, అఖ్‌మీమిక్, లికోపొలిటన్. రాతలో మాటల మధ్య ఖాళీ ఉండదు, హల్లుల మీద అడ్డగీతలు ఉంటాయి. ఆ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా రాయసకాణ్ణి గుర్తుపట్టే ఆనవాలే. కాలం తేల్చడమే అన్నిటికంటే కష్టం. చేతిరాతను బట్టి చెప్పే తేదీలు వంద ఏళ్లు అటూ ఇటూ జారతాయి. నాగ్ హమ్మాది ఏడో పుస్తకం ఈ విషయంలో అదృష్టం చేసుకుంది. దాని తోలు అట్ట బిగువుగా ఉండటానికి లోపల అతికించిన చిత్తు పాపిరస్‌లలో తేదీలున్న పత్రాలు దొరికాయి. వాటిలో చివరిది సాధారణ శకం 348 నాటిది. అట్ట అంతకు ముందు కట్టి ఉండటం అసాధ్యం. పనికిరాదని అతికించిన చిత్తు మీద ఇంత పెద్ద విషయం తేలింది. అందుకే ఫొటో ముద్రణలో ఆ చిత్తు పత్రాలకూ ఒక సంపుటం కేటాయించారు.

సంఖ్యలు ఇవ్వడం చిన్న విషయంలా కనిపిస్తుంది. నాగ్ హమ్మాది పుస్తకాలకు దొరెస్, ప్యూష్, క్రౌజె తదితర పండితులు తలా ఒక వరస సంఖ్య పెట్టారు. ఒకరి 'రెండో పుస్తకం' ఇంకొకరికి వేరే పుస్తకం. పాత వ్యాసాలు చదివేటప్పుడు ఇప్పటికీ పోలిక పట్టిక దగ్గర పెట్టుకోవాలి. చివరికి ఒకే వరస స్థిరపడింది. ఇప్పుడు రెండో పుస్తకం, రెండో రచన, 32వ పేజీ, 10వ వరస అంటే ప్రపంచంలో ఎవరైనా థామస్ సువార్త మొదటి వరసకు చేరతారు. ఆరో పుస్తకంలో అయిదో రచనకు పేరు లేక, ఏదో అజ్ఞాత రచనగా జాబితాల్లో పడి ఉండేది. జర్మన్ పండితుడు హాన్స్-మార్టిన్ షెంకె దాన్ని చదివి, ప్లేటో 'రిపబ్లిక్'లోంచి తీసుకున్న భాగానికి చాలా పేలవమైన కోప్టిక్ అనువాదమని గుర్తించాడు. సంఖ్య ముందే ఉండటం వల్ల గుర్తింపు వచ్చిన రోజున మార్చవలసింది పేరు ఒక్కటే అయింది.

చెదిరిన పుస్తకాలకు సంఖ్య ఇంకా అవసరం. రోమ్‌లో టిటో ఓర్లాండి మొదలుపెట్టిన కోప్టిక్ సాహిత్య ప్రతుల పథకం, ఏ దేశంలో ఉన్నా ఒకే పుస్తకానికి చెందిన ఆకులకు ఒకే గుర్తు ఇచ్చింది. తోలు ప్రతులే ఎక్కువగా ఉన్న, ఈజిప్టులోని సోహాగ్ తెల్ల మఠం గ్రంథాలయం ఈ పద్ధతితోనే కాగితం మీద తిరిగి నిలబడుతోంది. పావోలా బూజి నడిపించిన పాథ్స్ పథకం పాపిరస్, తోలు ప్రతులను అవి పుట్టిన ఊళ్లతో కలిపి పటం మీద చూపుతోంది.

క్యాటలాగు చీటీ విలువ దొంగలకు బాగా తెలుసు. లండన్‌లోని ఈజిప్ట్ ఎక్స్‌ప్లోరేషన్ సొసైటీ ఈజిప్టులోని ఆక్సిరింకస్‌లో దొరికిన తమ పాపిరస్ సేకరణ నుంచి అనుమతి లేకుండా పోయిన 13 ముక్కలు వాషింగ్టన్‌లోని ఒక మ్యూజియంలో తేలాయని 2019లో ప్రకటించింది. వాటిలో చాలావాటికి క్యాటలాగు చీటీ, ఫొటో కూడా పెట్టెల్లోంచి మాయమయ్యాయి. సొసైటీ దగ్గర వేరే నకలు నమోదులు ఉండబట్టి ముక్కలు తమవేనని చూపగలిగింది.

నకిలీని పట్టిన ఫొటోలు

2012లో హార్వర్డ్ ఆచార్యురాలు కరెన్ కింగ్ విజిటింగ్ కార్డు అంత కోప్టిక్ పాపిరస్ ముక్కను రోమ్ సదస్సులో ప్రకటించారు. అందులో యేసు 'నా భార్య' అంటున్నట్టు ఉంది. పాపిరస్ నిజంగా పాతదేనని పరీక్షల్లో తేలింది. అయితే పాత పాపిరస్ ఖాళీ ముక్క సంపాదించడం కష్టం కాదు. అందులోని వాక్యాలు థామస్ సువార్తలోంచి ఏరి అతికినవని, అంతర్జాలంలో ఉన్న ఒక పాఠంలోని అచ్చుతప్పుతో సహా అందులోకి వచ్చాయని పరిశోధకులు చూపారు.

అసలు దెబ్బ 2014లో తగిలింది. ఆ ముక్కతో పాటు అదే యజమాని దగ్గర నుంచి వచ్చిన యోహాను సువార్త ముక్క ఫొటో కూడా బయటికి రాగానే క్రిస్టియన్ ఆస్కెలాండ్ అనే పరిశోధకుడు దాన్ని చూశాడు. భాష లికోపొలిటన్ మాండలికం. రేడియో కార్బన్ పరీక్ష చెప్పిన కాలానికి ఆ మాండలికం రాతలో లేదు. లికోపొలిటన్‌లో యోహాను సువార్త అనగానే కోప్టిక్ తెలిసినవాడికి గుర్తొచ్చేది ఒకే ప్రతి. 1923లో క్వా గ్రామం దగ్గర కుండలో దొరికి, హెర్బర్ట్ థాంప్సన్ 1924లో ఫొటోలతో అచ్చువేసినది. ఆస్కెలాండ్ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టాడు. థాంప్సన్ పాఠంలో ఒక వరస విడిచి ఒక వరస, ఎక్కడ వరస తెగిందో అక్కడే తెగుతూ, 17 వరసలూ సరిపోయాయి. అంటే యోహాను ముక్క ఆ పాఠంలోంచి దించిన నకలు; దానితో పాటు వచ్చిన 'నా భార్య' ముక్క కూడా నకిలీగా తేలిపోయింది.